మా వీధి కింద చెరువు

మా తాతగారు 1930 ప్రాంతాల్లో నెల్లూరు నుంచి మదరాసు వచ్చి ఒక అచ్చాఫీసులో కుదురుకున్నారు. కొన్నేళ్లకు త్యాగరాయనగరంలో, ఉస్మాన్ రోడ్డుకు రెండు వీధుల అవతల, చిన్న స్థలం కొని పెంకుటిల్లు వేసుకున్నారు. మా అత్తయ్యగారి ఇల్లు రైలుకట్టకు అటువైపు, పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు దాపున. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఆ వీధి పలక చదివి, "చెరువు ఎక్కడుంది అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, "మీ ఇల్లున్నదే అందులో కదరా" అంది. వేళాకోళం అనుకున్నాను. అది వేళాకోళం కాదని ఒంటికి తెలిసేసరికి నాకు అరవై దాటాయి.

చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు వీధుల పేర్లు చదువుకోవడం ఒక అలవాటు. బళ్లో మన చరిత్ర ఎవరూ చెప్పరు కనుక పలకల మీదే చదువుకోవాలి. మా నాన్నగారు సాయంత్రం షికారుకు తీసుకువెళ్లినప్పుడల్లా అదే పాఠం. 1639లో ఇంగ్లీషువాళ్లకు ఈ నేల ఇచ్చింది దామెర్ల వెంకటపతి నాయకుడు, ఊరి పేరు వాళ్ల నాన్న చెన్నప్పది. ఈ నగరం పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటి బిడ్డ. ఆ పార్కు పానగల్ రాజావారిది, అంటే పానగంటి రామారాయణింగారు, కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 దాకా మదరాసు రాజధానికి ప్రథమ మంత్రి. తరవాతి రోజుల్లో ఆ పార్కు బెంచీల మీద కూర్చుని సినిమా వేషాల కోసం కళ్లు కాయలు కాసేలా చూసినవాళ్లూ మనవాళ్లే. నాన్నగారి దృష్టిలో టి. నగర్ అంటే తమిళ దేశంలో తెలుగువాళ్లు వేసిన మొలక. నేనూ అలాగే గర్వపడుతూ పెరిగాను. ఆ పాఠంలో ఒక పుట చిరిగి ఉందని ఇప్పుడు చెప్పబోతున్నాను.

నూరేళ్ల కిందటి మదరాసు పటం చూస్తే ఊరికి పడమటి హద్దు ఒక నీటి చాలు. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు నెలవంక ఆకారంలో సాగిన చెరువు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'లాంగ్ టాంక్' అన్నారు. పై భాగం నుంగంబాకం చెరువు, కింది భాగం మైలాపూరు చెరువు లేదా మాంబళం చెరువు అనేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో తెల్లదొరలు దాని మీద పడవ పందాలు వేసుకున్నారట. ఇవాళ పట్టుచీరల దుకాణాల ముందు జనం ఒకరినొకరు తోసుకునే చోట ఆ రోజుల్లో తెడ్ల చప్పుడు వినిపించేదన్నమాట.

ఇది ఒంటరి చెరువు కాదు. చెంగల్పట్టు జిల్లాను చెరువుల జిల్లా అంటారు. తమిళులు ఏరి అంటారు, మనం చెరువు అంటాం. మాట వేరే గాని పనితనం ఒకటే. వాలుకు అడ్డంగా కట్ట పోయడం, తూము పెట్టడం, నిండితే పొర్లి పోవడానికి ఒక దారి వదలడం. ఆ దారిని కోస్తావాళ్లు అలుగు అంటారు, కోలారు, చిత్తూరు వైపు పాఠకులు మరవ అంటారు, ఇక్కడ కలంగల్ అంటారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. అలా గొలుసుకట్టుగా దిగివచ్చిన నీళ్లు చివరకు కూవం నదిలోకో అడయారులోకో పోయి సముద్రంలో కలుస్తాయి. మదరాసు వాన సంగతి మనకు తెలిసిందే. ఏడాదికి 1,400 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, అదీ తుపాను తుపానుకు కుండపోతగా. ఊరేమో సముద్ర మట్టానికి సగటున ఆరేడు మీటర్ల ఎత్తులో పళ్లెంలా ఉంది. ఇలాంటి చోట చెరువు పని పొలాలు తడపడంతో అయిపోదు. వచ్చిన వానను పట్టి ఆపాలి, మెల్లగా భూమిలోకి దింపాలి, మిగిలింది తొందరపడకుండా నదికి వదలాలి.

చెరువు మాట వస్తే నాకు పోరుమామిళ్ల గుర్తు వస్తుంది. ఆ దారి పట్టినందుకు పాఠకులు మన్నించాలి. కడప జిల్లాలో 1369లో విజయనగరపు భాస్కర రాయలు కట్టించిన చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని అందులో లెక్క రాశారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. కట్ట చెమర్చడం, చవిటి నేల, ఇద్దరు రాజుల సరిహద్దు మీద ఉండడం, చెరువు మధ్యలో మెరక ఉండడం, ఇలా. మధ్యలో మెరక ఒక దోషమైతే చెరువు మధ్యలో పన్నెండంతస్తుల నగల దుకాణం ఏ దోషం కిందికి వస్తుందో శాసనకర్త ఊహించి ఉండడు.

1920లో మదరాసు పట్టణ నిర్మాణ చట్టం వచ్చింది. 1921 జనాభా లెక్కల్లో ఊళ్లో 5 లక్షల 26 వేలమంది. జార్జిటౌన్ కిక్కిరిసిపోయింది. గుమాస్తాలకు, బడిపంతుళ్లకు, మా తాతగారిలాంటి అచ్చాఫీసు ఉద్యోగులకు ఇల్లు దొరకడం లేదు. తూర్పున సముద్రం, ఇక ఊరు పెరగవలసింది పడమటికే, పడమట చెరువు. ఆయకట్టు పొలాలు అప్పటికే తోటలుగా, బంగళాలుగా మారుతున్నాయి గనుక చెరువుతో ఊరికేం పని అనిపించడం వింత కాదు. జస్టిస్ పార్టీ ప్రభుత్వ కాలంలో, 1923 నుంచి 1925 లోపల, మాంబళం చెరువు నీళ్లు తీసేసి, మట్టి పోసి, స్థలాలు కొలిచారు. మధ్యలో పార్కు, చుట్టూ రోడ్లు, వాటికి తమ పార్టీ పెద్దల పేర్లు. త్యాగరాయ చెట్టిగారు 1925లో పోయారు. కొత్త పేటకు ఆయన పేరు నిలిచింది. 1931లో ఎలక్ట్రిక్ రైలు వచ్చి మాంబళం స్టేషను కళకళలాడిన తరవాత ఇక వెనక్కి చూసుకోవలసిన పని లేకపోయింది.

కనుక నాన్నగారు నేర్పిన పాఠంలో చిరిగిన పుట ఇది. మనం గర్వంగా చెప్పుకునే పేర్లే చెరువు పూడ్చిన పేటకు గుర్తులు. వాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో ఇల్లులేనివాడికి ఇల్లు చూపించడం గొప్ప పని. వెడల్పాటి వీధులు, ఇంటి చుట్టూ తోటకు జాగా, ప్రతి పెరట్లో బావి. ఆ పేట చాలా ముచ్చటగా ఉండేదని చూసినవాళ్లు చెప్పారు, నేనూ కొంత చూశాను. మా పెరట్లో కొబ్బరి, కరివేప, వేప ఉండేవి. వాన నీళ్లు పెరట్లోనే ఇంకేవి. చెరువు పోయినా దాని పని కొంత పెరళ్లు చేశాయి. వాళ్ల తరంలో చెరువు మాత్రమే పోయింది. పెరళ్లు పోయింది మా తరంలో. ఈ రెండో లెక్క మాట మనవాళ్లు ఎవరూ ఎత్తరు, నేను కూడా చాలా ఏళ్లు ఎత్తలేదు.

నుంగంబాకం వైపు మిగిలిన నీటి ముక్కనూ 1970ల నాటికి పూడ్చేశారు. 1976లో అక్కడే వళ్లువర్ కోట్టం లేచింది. టాంక్ బండ్ రోడ్డు అని ఒక పేరు మాత్రం నుంగంబాకంలో మిగిలింది. చెరువుకు వచ్చే నీళ్లకు మాత్రం చెరువు పోయిందని ఎవరు చెబుతారు? అవి పాత దారినే వస్తాయి. వాటి కోసం మిగిల్చింది మాంబళం కాలవ ఒక్కటే. అది నుంగంబాకం దిక్కునుంచి బయలుదేరి టి. నగర్ ఇళ్ల వెనకగా పోయి నందనం దగ్గర అడయారులో పడుతుంది. నా చిన్నతనంలో దాన్ని కాలవ అనేవాళ్లం. తరవాత మురుగుకాలవ అన్నాం. ఇప్పుడు చాలాచోట్ల దాని మీద బల్లలు పరిచి దాన్ని కనపడకుండా చేశాం.

కాళ్ల కింది నీళ్లు పూడ్చుకున్న ఊరు దూరాన్నుంచి నీళ్లు తెచ్చుకోవాలి. 1983లో ఎన్.టి. రామారావుగారు, ఎం.జి. రామచంద్రన్‌గారు కుదుర్చుకున్న ఒప్పందంతో తెలుగుగంగ పుట్టింది. కృష్ణ నీళ్లు శ్రీశైలం నుంచి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి 1996లో పూండి జలాశయం చేరాయి. లెక్క ప్రకారం ఏటా 12 టి.ఎం.సి.లు రావాలి. వచ్చిన ఏడాదిని వేళ్ల మీద వెతుక్కోవాలి. అయినా ఆ రోజు మా వీధిలో తెలుగువాళ్లం మిఠాయి పంచుకున్నాం. మన నీళ్లు మన ఇంటికి వచ్చాయని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఆనందం అబద్ధం అనను. కాని ఆ మిఠాయి పంచుకున్న అరుగు కిందే ఒకప్పుడు చెరువుండేదని మాలో ఎవరికీ స్ఫురించలేదు.

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు ఉండి తీరాలని చట్టం చేసింది. గడువు కొన్ని నెలలు. మా వీధిలో ఒక కాంట్రాక్టరు ఇంటింటికీ ఒక పైపు భూమిలో గుచ్చి, పైన సిమెంటు మూత పెట్టి, ఫోటో తీసి డబ్బు పుచ్చుకుపోయాడు. మా ఇంట్లోనూ అదే జరిగింది. మొదటి వానకే నీళ్లు పైకి తన్నాయి. అప్పుడు ఇద్దరు కూలీలను పెట్టి గుంత తవ్వించాను. ఆరడుగుల లోతున మట్టి రంగు మారింది. నల్లటి బంక, పారకు అంటుకుని వదలదు. దాంట్లో చిన్న చిన్న నత్తగుల్లలు. తవ్వేవాళ్లలో ముసలాయన, తిరువణ్ణామలై వైపువాడు, ఒక గుల్ల చేతిలో పెట్టుకుని "ఇది ఏరి మన్ను, సామీ" అన్నాడు. అత్తయ్య మాట అప్పుడు గుర్తొచ్చింది. గుల్లలు ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నాయి.

బంకమట్టిలో మామూలు ఇంకుడు గుంత పనిచేయదు. బంకను దాటి కింది ఇసుక పొర దాకా దిగాలి. మాకు పాత బావి ఉంది కనుక మేడమీది వాన నీళ్లు గులకరాళ్ల తొట్టిలో వడగట్టి బావిలోకే వదిలాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఎండిన బావిలో నీళ్లు కనిపించాయి. ఊళ్లో చాలాచోట్ల అలాగే జరిగింది. ఆ చట్టం మీద ఎంత నవ్వినా, నిజంగా పెట్టుకున్న ఇళ్లకు అది మేలు చేసింది. చట్టం చేసి ఊరుకోకుండా తరవాత ఏటా వచ్చి చూసి ఉంటే ఇంకెంత మేలు జరిగేదో.

2015 నవంబరులో నెల మొత్తానికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. చెరువులన్నీ నిండి ఉన్నాయి. డిసెంబరు 1న మళ్లీ కుండపోత. చెంబరంబాక్కం జలాశయం నుంచి ఆ రాత్రి సెకనుకు 29 వేల ఘనపుటడుగుల నీళ్లు అడయారులోకి వదిలారు. నది పొంగితే దానిలో పడవలసిన మాంబళం కాలవ ఎటు పోతుంది? వెనక్కి తిరుగుతుంది. తెల్లవారుజామున మా మెట్ల మీద నీళ్లు. వాకిలి తలుపు తోసుకుని వచ్చింది వాన కాదు, కాలవ. నాన్నగారి పుస్తకాల బీరువాలో కింది రెండు అరలు పోయాయి. మా నష్టం అంతే. సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట ఒడ్డున ఉన్నవాళ్లకు ఇల్లే పోయింది. ఆ వానాకాలంలో రాష్ట్రంలో వందలమంది ప్రాణాలు పోయాయి.

నాలుగేళ్లు కాకముందే, 2019 ఎండాకాలంలో, పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండి నెర్రెలు విచ్చాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ఒక్కో బండిలో 25 లక్షల లీటర్లు. నీళ్ల రైలు వస్తుంటే దండలు వేసి ఆహ్వానించారు. మునిగిన ఊరే ఎండింది. మళ్లీ 2021 నవంబరు 7న ఒక రాత్రిలో 20 సెంటీమీటర్ల వాన పడి టి. నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. కాలవ బాగుచేత పనులు సగంలో ఉండి అందులో చెత్తా రాళ్లూ అడ్డం పడ్డాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు పడవలు తిరిగాయి. సముద్రం వేడెక్కే కొద్దీ మేఘం ఎక్కువ నీరు మోస్తుందని, పది రోజుల వాన ఒక్క రోజులో కురవడం పెరుగుతుందని వాతావరణ శాస్త్రజ్ఞులు అంటున్నారు. అంటే మనం పూడ్చిన చెరువుల అవసరం ముందుకంటే ఇప్పుడే ఎక్కువ.

పోయినవాటిని తిరిగి తెచ్చే ప్రయత్నాలు లేవని కాదు. అడయారు ముఖద్వారం దగ్గర చెత్త, ఇళ్లు పడగొట్టిన మట్టి పోసి పూడ్చిన పాయలో 58 ఎకరాలు శుభ్రం చేసి 2011లో పూంగా తెరిచారు. మట్టి తీసి, ఉప్పునీరూ మంచినీరూ కలిసే దారి వదిలి, మడచెట్లు నాటారు. నేను వెళ్లి చూశాను. చెత్తకుప్ప ఉన్న చోట కొంగలు నిలబడి ఉన్నాయి. నగరం తలుచుకుంటే చేయగలదని అది చూస్తే నమ్మకం కలుగుతుంది. పళ్లికరణై చిత్తడి నేల కథ అంత సులువు కాదు. 1960ల్లో ఐదువేల హెక్టార్లకు పైగా ఉండేదంటారు. దక్షిణపు చెరువులు ముప్ఫైకి పైగా దానిలోకి పారి, అక్కణ్ణుంచి ఒక్కియం మడుగు ద్వారా బకింగ్‌హామ్ కాలవకు, కోవళం పాయకు పోవాలి. దాంట్లో ఊరి చెత్త పోశారు, కంప్యూటరు కంపెనీలు కట్టారు, రోడ్లు వేశారు. 2007లో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో 1,247 హెక్టార్లు రామ్‌సర్ జాబితాకెక్కాయి. పెరుంగుడి చెత్తకొండను తవ్వి జల్లించి తీసేస్తున్నారు.

ఇక్కడ నాకు కుదుటపడని సంగతి ఒకటుంది. 2015 తరవాత అడయారు ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లను నదిని బాగుచేస్తామని ఖాళీ చేయించి పెరుంబాక్కం అపార్టుమెంట్లకు పంపారు. ఆ పెరుంబాక్కం పళ్లికరణై చిత్తడి అంచునే ఉంది. వాన పడితే అక్కడా నీళ్లే. పని చేసుకునే ఇళ్లు ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, వాళ్లు అక్కడ. మా ఇంట్లో ఇరవై ఏళ్లు పనిచేసిన ఆవిడ అలా వెళ్లిపోయింది. నది ఒడ్డు ఆక్రమణ అని గుడిసెను తీసేశారు. చెరువు కడుపులో కట్టుకున్న నా ఇంటి జోలికి ఎవరూ రాలేదు. నాకు పట్టా ఉంది మరి.

కోలారు పాఠకులకు ఈ కథ ఇంకో రకంగా తెలుసు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి వాళ్ల చెరువులకు పంపుతున్నారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో నీళ్లు నిలిచాయి, బావులు ఊరాయి. శుద్ధి రెండో దశతో ఆపేశారు, మూడో దశ కూడా కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. నగరం తన చెరువులు పోగొట్టుకుని పల్లె చెరువులు నింపడం విచిత్రమే. లోపలివాళ్లెవరైనా ఈ పత్రికకు రాస్తే బాగుండును.

టి. నగర్‌ను ఖాళీ చేసి చెరువు చేయమని ఎవరూ అనరు, నేనూ అనను. 2019లో పాండీబజారులో బండరాళ్లు పరిచి నడకదారి వేశారు. వెడల్పుగా, బాగుంది, సాయంత్రాలు నేనూ అక్కడే నడుస్తాను. చెరువు మీద వేసే రాళ్ల మధ్య నీళ్లు దిగడానికి కాస్త సందు వదలాలని మాత్రం నా గొడవ. కార్పొరేషను ఈమధ్య కొన్ని పార్కుల్లో వాననీళ్లు పట్టే పల్లపు గుంతలు తవ్విస్తోంది. స్పాంజి పార్కులంటున్నారు. మా నాయనమ్మ అయితే కుంట అనేది. కాలవను వెడల్పు చేసి మీద బల్లలు తీసేయాలి, ప్రతి స్థలంలో కొంత నేల సిమెంటు లేకుండా ఉండాలి.

ఆ ఆఖరి మాట దగ్గర పరీక్ష నా ఇంటికే వచ్చింది. పోయినేడు హైదరాబాదు నుంచి మా అబ్బాయి వచ్చి, ఇల్లు ఉమ్మడిగా కట్టించడానికి బిల్డరును కుదిర్చాడు. నాలుగు వాటాలు, కింద నేలలో కార్లకు రెండు వరసలు. "నాన్నా, మీ తరవాత ఈ పాత ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నాడు. అడగవలసిన మాటే. ఈ ఇల్లు కట్టినప్పుడు మా తాతగారికీ అలాంటి లెక్కే ఉండి ఉంటుంది. నకలు తెచ్చి బల్ల మీద పరిచాడు. వేపచెట్టు ఉన్నచోట లిఫ్టు. బావి ఉన్నచోట రెండు కార్లు. నేలకింద తవ్వే గది పదకొండడుగుల లోతు, సరిగ్గా నత్తగుల్లల పొరలో.

నేలకింద గది వద్దన్నాను. నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయని చెప్పాను. బిల్డరు పంపులు పెడతానన్నాడు. పంపు నీళ్లు ఎక్కడికి పంపుతావయ్యా అంటే వీధిలోకి అన్నాడు. అబ్బాయి ఏమీ అనలేదు. కొంతసేపటికి బల్ల మీది గుల్ల ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. కార్లు పట్టకపోతే వాటాకు ఎంత తగ్గుతుందో బిల్డరు కాగితం మీద కట్టి చూపించాడు. చిన్న మొత్తం కాదు. ఇంకా తేలలేదు. వాళ్లు వెళ్లాక నకలు మీద రెండు కార్ల గళ్లు కొట్టేసి, పెన్సిలుతో ఒక సున్న చుట్టి, పక్కన 'బావి' అని తెలుగులో రాసి పెట్టాను.